ఏడు కుండల మనిషి

గొలుసు పట్టుకుని కొండ కడుపులోకి జారుతున్న ఐతనకు ముందుగా వాసన తగిలింది. పులిసిన కల్లు, కాగే నూనె, తడిసిన బొగ్గు. ఆ తరువాత వేడి. గొలుసు చివరికి వచ్చాక గాని కళ్ళకు ఏమీ ఆనలేదు.

అది దిగుడుబావి లాంటి గుహ. పైకప్పులో గుండ్రటి కంత. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆ కంతలోంచి బంగారు స్తంభంలా దిగి, గాలిలో ఎగిరే నుసిని వెలిగిస్తూ నేలదాకా నిలబడింది. గోడ వెంట పన్నెండు మెట్లు. మెట్టు మెట్టుకూ ఒక గూడు, గూటిలో ఆముదపు దీపం. గోడలనిండా స్ఫటికాలు. ఒక్కో దీపం ఆ స్ఫటికాల్లో వంద దీపాలై, నక్షత్రాలన్నీ బావిలో జారిపడ్డట్టు మెరుస్తోంది. అడుగున, చదునైన నేల మీద, ఏనుగంత ఉడుము ఒకటి దవడ నేలకానించి పడుకుంది. దాని వీపు మీది పొలుసులు ఒక్కొక్కటి చేటంత ఉన్నాయి. గుహ అంతా గరగరమని ఒకటే మోత. అది ఉడుము గురక అనుకున్నాడు ఐతన.

చంద్రకవాట రాజ్యపు రాజకుమార్తె మేఘలేఖను కుంభాక్షుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి పదకొండు రోజులైంది. పోయిన మూడోనాడు ఒక గద్ద కోట బురుజు మీద వాలింది. దాని మెడకు చీటీ. ‘నేనొక మనిషిని చేశాను. వాడికి ప్రాణం రావడం లేదు. తెప్పించినవాడికి మీ పిల్లను అప్పగిస్తాను.’ ఏడుగురు పండితులు తాళపత్రాలు మూట గట్టుకుని ఈ కంతలోంచి దిగారు. ఒక్కరూ పైకి రాలేదు.

ఎనిమిదవవాడు ఐతన. అతడు పండితుడు కాడు, వైద్యుడూ కాడు. రాజుగారి నీలిగుంటల్లో పనివాడు. నీలి ఆకును గుంటల్లో ఊరబెట్టి, పొంగించి, రంగు దించడం అతడి తాతల నాటి పని. మూడేళ్ళ కిందట ఒక గుంటలో దీపం ఆరి అతడి తండ్రి అడుగున పడిపోతే, అటుగా గుర్రం మీద పోతున్న మేఘలేఖ జీను పట్టీ ఊడదీసి గుంటలోకి విసిరి, గుర్రంతో లాగించి, పైకి తెచ్చింది. తండ్రి బతికాడు. ఎనిమిదోవాడు కావాలని రాజభటులు చాటింపు వేసిన రోజు ఆ తండ్రి కొడుకును చూసి ఒక్క మాట అన్నాడు. “పోయిరా.”

అందుకని ఈ వైద్యుడి వేషం. జనపనార గడ్డం, మెడలో రుద్రాక్షలు, ఒళ్ళంతా విభూతి. నీలిగుంటలవాళ్ళ గోళ్ళు చచ్చేదాకా నీలంగానే ఉంటాయి కనుక పదిగోళ్ళకూ పసుపూ సున్నమూ కలిపిన పారాణి దట్టంగా పూసుకున్నాడు.

“రా, వైద్యుడా.”

ఉడుము పక్కన పులిచర్మం మీద కూర్చున్నవాడు లేవకుండానే పిలిచాడు. కుండంత తల, కుండ అడుగులాంటి కళ్ళు. “నా ఉడుముకు ఏడుదాకానే లెక్క నేర్పాను. ఎనిమిది నీతో నేర్చుకుంటుంది.”

“నేర్పిద్దాం లెండి. ముందు పిల్లవాడేడీ?”

“ముందు పైకి చూడు.”

ఐతన తల ఎత్తాడు. పైకప్పు నుంచి పెద్ద త్రాసు వేలాడుతోంది. దాని కాడ తాటిచెట్టంత పొడవు. ఒక కొసకు ఇత్తడి తట్ట, తట్టలో చేతులు వెనక్కి కట్టేసిన మేఘలేఖ. తట్టకు సరిగ్గా కింద, నేల నడుమ, నూనె కొప్పెర సలసల కాగుతోంది. రెండో కొసకు రాతి గాబు. గాబు అడుగున వేలాడే తాడు, పక్కనే ఒక చిల్లు. ఆ చిల్లులోంచి సన్నటి నీటిధార కారుతోంది. గాబు తేలికైన కొద్దీ పైకి లేస్తోంది. తట్ట కిందికి దిగుతోంది.

“గాబు సగమైంది. మిగతా సగం కారేలోపు నా మనిషి లేచి కూర్చుంటే పిల్ల నీది. లేదంటే నూనెలో కరిగిస్తాను. దాని సారం తీసి వాడికి పోస్తాను.”

“వైద్యుడా,” అంది పైనుంచి మేఘలేఖ. గొంతు ఎండిపోయి ఉంది గాని వణకలేదు. “ఇంతకు ముందు వచ్చినవాళ్ళు శ్లోకాలు మొదలుపెట్టారు. నువ్వుగనక శ్లోకం ఎత్తుకుంటే నేనే దూకుతా.”

“నాకు శ్లోకాలు రావమ్మా.”

కుంభాక్షుడు అతణ్ణి నాలుగో మెట్టు మీదికి తీసుకుపోయాడు. ఆ మెట్టు వాకిలంత వెడల్పు. అక్కడ ఒకే ఒక్క మోకుతో పైదూలానికి వేలాడగట్టిన రాగి తొట్టి ఉంది, పసిబిడ్డ ఉయ్యాలలా. తొట్టిలో మనిషి ఆకారం. నల్లగా, తడిగా, కళ్ళు మూసుకుని. కనురెప్పల మీద వెంట్రుకలు కూడా దిద్ది ఉన్నాయి. ఛాతీ దగ్గర చర్మం కింద ఆకుపచ్చటి వెలుగు మినుకుమంటోంది.

“ఏడు కుండలు,” అన్నాడు మాంత్రికుడు. అతడి గొంతులో మొదటిసారి ఒక మురిపెం వినిపించింది. “నా భటుణ్ణొకణ్ణి ఎండబెట్టి, కాల్చి, ఉడికించి, ఏది ఎంతుందో తూచాను. మూడున్నర మణుగుల నీళ్ళు. ఒక మణుగు బొగ్గు. వీశెడు సున్నం. రెండు దోసిళ్ళ ఉప్పు. పది తులాల గంధకం. చిన్న మేకుకు సరిపోయే ఇనుము; రక్తం ఎర్రగా ఉండేది దానివల్లే. ఇక ఆ మెరిసేది ఎముకలను కాల్చి తీసిన మైనం, అర వీశె. మనిషంటే ఇంతే. గురిగింజ ఎత్తు తేడా లేకుండా కలిపాను. పది రోజులుగా ఉయ్యాల ఊపుతున్నాను. లేవడు. ఎందుకు లేవడు?”

ఐతన వంగి వాసన చూశాడు. చెవి ఆనించి విన్నాడు. ఆకారం పాదం అంచున చిటికెనవేలు ముంచి, నాలుక చివర తాకించి, పక్కకు ఉమ్మాడు.

“నిద్రపోతోంది.”

“ఏమన్నావు?”

ఐతన నోరు మూసుకున్నాడు. నీలిగుంటల్లో పొంగని గుంటను చచ్చిందనరు, నిద్రపోయిందంటారు. మాట జారిపోయింది.

“నిద్రపోతున్నాడు అన్నాను,” అన్నాడు నెమ్మదిగా. “మూడు తప్పులున్నాయి. ఒకటి, తొట్టి. రాగి గిన్నెలో పెరుగు పెడితే ఎవరన్నా తింటారా? రాగి ప్రాణమున్న ప్రతిదాన్నీ కొరుకుతుంది. మట్టిది పెట్టాల్సింది.”

కుంభాక్షుడి కనుబొమ్మ కదిలింది. ఏడుగురు పండితుల్లో ఒక్కడూ తొట్టి వంక చూడలేదు.

“రెండు?”

“చేమిరి ఏది?”

“చేమిరా? నేను చేసేది మనిషిని. పెరుగును కాదు.”

“పాలల్లో పెరుగుకు కావలసినవన్నీ ఉంటయ్యి. కానీ పాలను పది రోజులు ఊరికే పెట్టు, విరిగిపోతయ్యి. కుళ్ళిపోతయ్యి. నిన్నటి పెరుగు ఒక్క చుక్క తగిలితేనే పెరుగవుతయ్యి. ఆ నిన్నటిది మొన్నటిదాన్నుంచి వచ్చింది. మొన్నటిది అటు మొన్నటిదాన్నుంచి. మధ్యలో ఒక్క రోజు తెగితే పొరుగింటికి గిన్నె పట్టుకుని పోవాల్సిందే. నువ్వు పాలు బాగానే పితికావు. బతికినదాన్నుంచి ఒక్క చుక్క కలపలేదు.”

గాబులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గరగర మోత సాగుతూనే ఉంది.

“అందుకే గదా పిల్లను కరిగించబోయేది,” అన్నాడు మాంత్రికుడు.

“కాగే పాలల్లో చేమిరి వేస్తే తోడుకుంటయ్యా? ఉడకబెట్టిన గుడ్డు పొదుగుతుందా? ప్రాణసారం గోరువెచ్చన దాటితే మురిగిపోతుంది. నూనెలో పడ్డ పిల్లలో నీకు మిగిలేది చమురూ బొగ్గూ. బొగ్గు నీ దగ్గర ఉండనే ఉంది.”

కుంభాక్షుడు తల పంకించాడు. ముఖం విచ్చుకుంది. నడుముకున్న కత్తి తీశాడు.

“నిజమే. అయితే పచ్చిగానే పోస్తాను.”

ఐతన చెప్పిన న్యాయమే పిల్ల గొంతు మీదికి తిరిగింది.

“వైద్యుడా!” అంది మేఘలేఖ పైనుంచి. “నువ్వు నన్ను విడిపించడానికి వచ్చావా, వంట నేర్పడానికి వచ్చావా?”

“ఆగండి, ఆగండి. మూడోది చెప్పనే లేదు.” ఐతన మాంత్రికుడికి అడ్డంగా నిలబడ్డాడు. “చేమిరి వేసే ముందు ఊపిరి ఉండాలి. వాడు పీల్చేదేందీ? ఊపిరి లేని ఒంట్లో రక్తం పోస్తే గడ్డకట్టి చెడిపోతుంది. తరువాత ఇంకో రాజు కూతుర్ని వెతుక్కోవాలి నువ్వు.”

“ఊపిరి ఎట్లా చేస్తావు?”

“అదిగో, అటు మూల ఉన్నది నత్తగుల్లల పొడే గదా?”

నేల మీద ఒక మూల తెల్లటి కుప్ప ఉంది, రెండు నిలువుల ఎత్తు. దాని ముందు రాతి కుండీ. పక్కన పన్నెండు బానల కల్లు. బాగా పులిసి ముక్కు అదిరే కల్లు. “సున్నానికి తెప్పించాను,” అన్నాడు కుంభాక్షుడు. “కల్లు నాకోసం. పులిసిపోయింది.”

“పులిస్తేనే పని. నిప్పు లేకుండా ఉడుకుతుంది చూడు. ఆ ఉడుకులోంచి వచ్చేదే ఊపిరి. నువ్వు నేల మీద కూర్చుని నీ మంత్రం మొదలుపెట్టు. తొట్టి ఊపడానికి నేను పైన ఉంటా.”

మాంత్రికుడు అతడి కళ్ళలోకి చూశాడు. ఐతన చూపు తిప్పుకోలేదు. గాబు మరో జానెడు పైకి లేచింది. తట్ట మరో జానెడు దిగింది. వేడికి మేఘలేఖ కాళ్ళు ముడుచుకుంది.

“సరే, కానీ,” అన్నాడు కుంభాక్షుడు, కత్తి ఒరలో పెట్టకుండానే.

ఐతన నేలకు దిగి పొడిని పారతో కుండీ నిండా ఎత్తాడు. బాన మీద బాన వంచాడు. కల్లు తగిలీ తగలగానే పొడి బుసకొట్టింది. నురుగు తెల్లటి పడగలా లేచి, కుండీ అంచులు దాటి నేల మీదికి పొర్లింది. పుట్టలోంచి వెయ్యి పాములు ఒక్కసారి ఊపిరి వదిలినట్టు సుయ్యిమని చప్పుడు. మాంత్రికుడు చప్పట్లు చరిచాడు. ఐతన ఊపిరి బిగబట్టి ఆఖరి బాన కుమ్మరించి, రెండేసి మెట్లు ఎక్కి తొట్టి దగ్గరికి చేరాడు.

ఆ బుసలోంచి వచ్చే ఊపిరి కంటికి కనబడదు. దానికి వాసన లేదు. నీలిగుంటలోనూ కల్లుబానలోనూ ఉండేది అదే. మామూలు గాలికన్నా బరువు. నీళ్ళు నిండినట్టు అడుగునుంచి నిండుతుంది. అందులో దీపం ఆరుతుంది, మనిషి నిద్రపోతాడు, లేవడు. నేలకు దవడ ఆనించిన ఉడుము మొదట. పులిచర్మం మీది మాంత్రికుడు తరువాత. అప్పుడు గొలుసెక్కి తట్ట లాగవచ్చు. అంతే అతడి ఆలోచన.

కుంభాక్షుడు కళ్ళు మూసుకుని మంత్రం ఎత్తుకున్నాడు. ఐతన ఉయ్యాల ఊపుతూ గూళ్ళ వంక చూస్తున్నాడు.

మొదటి మెట్టు దీపం ఎర్రబడింది. తల వాల్చింది. ఆరిపోయింది.

ఉడుము కనురెప్పలు జారాయి. తోక కొస ఒకసారి నేలను తట్టి ఊరుకుంది. కొప్పెర కింది మంట నీలంగా అయి, కుంగి, పొగ కక్కుతోంది. మాంత్రికుడి మంత్రం ఒక అక్షరం తడబడింది. అతడు ఆవులించాడు.

రెండో మెట్టు దీపం ఊగింది.

అప్పుడు గరగర మోత ఆగిపోయింది.

ఐతన ఉడుము వంక చూశాడు. అది గురక పెట్టడం లేదు, పెట్టనూ లేదు. మోత వచ్చింది తెల్లకుప్ప వెనకనుంచి. అక్కడ తిరగలి పిడి మీదినుంచి ఒక చెయ్యి జారుతోంది. ఎండుకట్టెలాంటి ముసలామె చెయ్యి, మణికట్టున ఒక్క సీసపు కడియం. ఇంతసేపూ గుల్లలు విసురుతున్నది ఆ చెయ్యే. వేళ్ళు గాల్లో ఏదో వెతికినట్టు కదిలి నేల మీద పడ్డాయి.

రెండో మెట్టు దీపం ఆరింది.

“దీపం వాలింది! పైకి! పైకి!”

అరిచింది తానేనని అరిచాకగాని ఐతనకు తెలియలేదు. నీలిగుంటల్లో దీపం వాలడం ముందు చూసినవాడు అరవాలి. కింద ఉన్నది అన్న అయినా, పగవాడైనా, పొలంగట్టు కాడ తల పగలగొట్టినవాడైనా సరే. నడక వచ్చిన నాటినుంచి నేర్పుతారు. ఆలోచించి అరవడం అంటూ ఆ పనివాళ్ళలో లేదు.

కుంభాక్షుడి కళ్ళు భగ్గున తెరుచుకున్నాయి. ఆరిన దీపాలు చూశాడు. కదలని ఉడుమును చూశాడు. లేచి మూడో మెట్టు మీదికి ఒక్క దూకు దూకాడు.

“నీలిగుంటవాడివా! గడ్డి పులియబెట్టుకునే నువ్వు నాకు పాఠం చెబుతావా!”

కత్తి విసిరాడు. ఐతన తల వంచాడు. జనపనార గడ్డం సగం తెగి కత్తితోపాటు గోడకు గుచ్చుకుంది. మాంత్రికుడు రెండు చేతులూ ఎత్తి మారణమంత్రం మొదలుపెట్టాడు. అది నలభై అక్షరాల మంత్రం, ఒకే ఊపిరిలో పలకాలి. పన్నెండో అక్షరానికి దగ్గు వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాడు. తొమ్మిదికి వచ్చింది. మూడో మెట్టు దీపం అతడి పాదాల దగ్గర ఆరిపోయింది. కుంభాక్షుడి ముఖంలో ఐతన మొదటిసారి భయం చూశాడు. వాడు మంత్రం వదిలేసి మెట్లెక్కి పరుగెత్తాడు. పైనుంచి గొలుసు అందుకుని పాకుతూ, పోతూ పోతూ రాతి గాబును కాలితో ఒక్క తాపు తన్నాడు. చిల్లు పక్క రాయి బద్దలై ఊడింది. సన్నటి ధార కాలువ అయింది.

తట్ట జారసాగింది.

“వైద్యుడా!”

కొప్పెర కింద మంట ఆరింది గాని నూనె ఇంకా మరుగుతూనే ఉంది. తట్ట అడుగుకూ నూనెకూ మధ్య రెండు నిలువులు. ఒకటిన్నర.

గాబులో నీళ్ళు పోద్దామంటే లేవు, రాళ్ళు వేద్దామంటే గాబు అందేంత దగ్గర లేదు. గాబు అడుగునుంచి వేలాడుతున్న తాడు మాత్రం తొట్టి పక్కగా పైకి పోతోంది. ఐతన ఎగిరి ఆ తాడు కొస పట్టుకున్నాడు. తొట్టి మోకుకున్న ఇనుప ఉంగరంలోంచి దూర్చి బిగించి ముడివేశాడు. గోడలోని కత్తి పెరికాడు. తొట్టిని దూలానికి కట్టిన మోకు మీద కొట్టాడు. ఒక దెబ్బ. రెండు. పేటలు తెగుతున్నాయి. మూడో దెబ్బకు మోకు పుటుక్కుమంది.

రాగి తొట్టి, అందులో ఐదు మణుగుల మనిషి, మెట్టు అంచు దాటి గాల్లోకి జారిపోయారు. తాడు బిగుసుకుంది. గాబు కిందికి గుంజుకుపోయింది. త్రాసు కాడ కిర్రుమని తిరిగింది. నూనె ఆవిరిలో చెంగు కమిలిన మేఘలేఖ తట్టతోసహా బాణంలా పైకి లేచి పదో మెట్టు గోడకు కొట్టుకుంది. ఆమె అక్కడి రాతి అంచును పళ్ళతో కరిచి పట్టుకుంది. చేతులు కట్టేసి ఉన్నవాళ్ళకు పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు.

పది రోజులు ఊపినా లేవని ఏడు కుండల మనిషి తూకానికి మాత్రం పనికొచ్చాడు.

ఐతన పైకి వెళ్ళలేదు. ఊపిరి గుండెనిండా తీసుకుని కిందికి దిగాడు. మెట్లు చీకటి. నేల మీద నురుగు మోకాలి దాకా. తడుముకుంటూ కుప్ప వెనక్కి పోయి ముసలిదాన్ని భుజాన వేసుకున్నాడు. చేటెడు పొట్టు ఎత్తినట్టుంది. ఉడుము మూతికి రెండడుగుల దూరంలోంచి తిరిగి వచ్చాడు. ఐదో మెట్టు మీద గాలి పీల్చుకున్నాడు. ఆ మెట్టు దీపం ఆరింది. పదో మెట్టు దాకా ఎక్కాడు.

మేఘలేఖ తట్టలోంచి దొర్లి మెట్టు మీద పడి ఉంది. పెదవి చీలి రక్తం కారుతోంది. ఐతన కట్లు కోశాడు. ఆమె చేతులు రుద్దుకుంటూ అతడి సగం గడ్డం వంక చూసింది.

“నువ్వు ఐతనవు గదూ. గుంటలో పడ్డ పెద్దాయన కొడుకువు.”

“అవునమ్మా.”

“ఆ గడ్డం తీసెయ్. నవ్వొస్తోంది. నవ్వే ఓపిక లేదు.”

అప్పుడు వెలుగు పోయింది. బంగారు స్తంభం నడిమికి తెగినట్టు తెగి, సన్నబడి, మాయమైంది. పైన కుంభాక్షుడు బండతో కంత మూసేశాడు. బండ మీదినుంచి గొంతు సన్నగా వినిపించింది.

“మీ ఊపిరితో మీరే పొంగండి!”

ఆరు, ఏడు మెట్ల దీపాలు కూడా ఆరాయి. కుండీ ఇంకా బుసకొడుతూనే ఉంది. పైకి గాలి పోయే దారి లేదు. ఎనిమిదో దీపం ఎర్రబడుతోంది.

ముసలిది దగ్గింది. కళ్ళు తెరిచింది. రాజకుమార్తెనూ, ఐతననూ, పైన మూసుకుపోయిన కంతనూ మార్చి మార్చి చూసింది.

“మూసిపోయాడా?”

“మూశాడు అవ్వా,” అన్నాడు ఐతన. “నువ్వు లోపల ఉన్నావని తెలీదేమో.”

“తెలవకేం. పదకొండేళ్ళుగా నాచేతే విసిరిస్తున్నాడు.” ఆమె లేచి కూర్చుంది. “వాణ్ణి కన్నది నేనే నాయనా.”

మేఘలేఖ జరిగి ఆమె పక్కన కూర్చుంది.

“ఊళ్ళో బొగ్గంతా తూచాడు, ఉప్పంతా తూచాడు. మనిషిని కాల్చి తూచాడు. మనిషి ఎట్టా అవుతాడో ఊరూరా చీటీలు పంపి అడిగాడు. నేను ఇక్కడే తిరగలి కాడ ఉండాను. నన్ను మాత్రం ఏనాడూ అడగలా.” ముసలిది చెంగుతో మూతి తుడుచుకుంది. “సరే. లేవండి. కొప్పెర వెనక నేలలో తూము ఉంది, నీళ్ళు పోయే తూము. వంగి దూరితే ఏట్లో తేలతారు. వాడికి ఆ సంగతి తెలవదు. గుల్లలు కడిగేది నేను గదా.”

“కింద ఊపిరి లేదు అవ్వా. మెట్లు దిగి, కొప్పెర చుట్టి, తూములో మునిగి తేలేసరికి నూట ఇరవై లెక్క అవుతుంది.”

“నీకు నిలుస్తుందా?”

“నాకు నిలుస్తుంది. మా పనే అది.”

ఇద్దరూ మేఘలేఖ వంక చూశారు.

“ఎంతసేపు నిలుస్తుందో నాకు తెలీదు,” అందామె. “ఎప్పుడూ అవసరం పడలేదు. పదండి, తెలుసుకుందాం.”

“అమ్మా, మాట్లాడొద్దు, పరుగెత్తొద్దు. ఒళ్ళు ఎంత కదిలితే ఊపిరి అంత ఖర్చు. గుండె కొట్టుకున్నా కొట్టుకోనీ, కాలు మాత్రం నెమ్మదిగా వెయ్యి. నోరు తెరవాలనిపిస్తుంది. ఏమైనా సరే తెరవొద్దు.”

ముగ్గురూ మూడుసార్లు లోతుగా పీల్చి వదిలారు. నాలుగోది పట్టుకున్నారు. ఎనిమిదో దీపం ఆరింది. దిగారు.

చీకట్లో ఐతన లెక్కపెడుతున్నాడు. ముసలిది ముందు, ఆమె భుజం మీద మేఘలేఖ చెయ్యి, మేఘలేఖ నడుముకు చుట్టిన చెంగు అతడి పిడికిట్లో. ఇరవైకి నేల. నురుగు పిక్కలకు తగిలింది. నలభైకి కొప్పెర వేడి చెంపకు తగిలింది. యాభై ఐదుకు ముసలిది ఆగింది. తూము నోటికి అడ్డంగా ఉడుము తోక పడి ఉంది, మద్దిమానంత లావు. ముగ్గురూ భుజాలు ఆనించి నెట్టారు. కదలలేదు. మళ్ళీ నెట్టారు. తడిసిన పొలుసులు జారి, తోక మూరెడు పక్కకు దొర్లింది. ఎనభై.

ముసలిది పక్కకు తప్పుకుని రాజకుమార్తెను ముందుకు తోసింది. రాజకుమార్తె ఆ ముసలిచేతిని పట్టుకుని ముందామెనే తూములోకి దించింది. చప్పుడు లేకుండా కొట్లాడుకున్నారు ఇద్దరూ. తొంభై ఐదు.

ఐతన చేతిలోని చెంగు వణకసాగింది. మేఘలేఖ వీపు ఒక్కసారి గట్టిగా ఎగిరిపడింది. నోరు తెరుచుకోబోతోంది. అతడు చీకట్లో తడిమి, ఆమె నోటినీ ముక్కునూ అరచేత్తో గట్టిగా అదిమి మూశాడు. ఆమె గోళ్ళు అతడి ముంజేతిలో దిగాయి. అట్లాగే ఆమెను వంచి, తల తూములోకి తోసి, నీళ్ళు అందేదాకా నెట్టి, అప్పుడు చెయ్యి తీశాడు.

ఆమె కాళ్ళు రెండూ ఒకసారి కొట్టుకున్నాయి. రెండోసారి కొట్టుకున్నాయి. తరువాత అతడి చేతుల్లోంచి సర్రున లాక్కుపోయాయి. తానే ఈదిందో, నీళ్ళు ఈడ్చుకుపోయాయో తెలియలేదు.

నూట ఎనిమిది. అతడు లెక్క ఆపి తల దూర్చాడు.